బెతానియా ఇంట రెండో విందు



"ఈ రోజు పూజ ఏమైనా ఉందా ఫాదర్ గారూ?"

ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెలో, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి ఒక తల్లి అడిగిన మాట ఇది. ఆమె భర్తను భూస్థాపన చేసింది నేనే. నలభై రోజుల జ్ఞాపకార్థ పూజ సమర్పించిందీ నేనే. ఆ తరువాత ఎనిమిది నెలలపాటు ఆ గడప తొక్కలేదు. ఆ రోజైనా పక్క వీధిలో ఒక కొత్త ఇల్లు ఆశీర్వదించడానికి వచ్చి, సందు మలుపులో ఆమె ఇల్లు కనబడితే లోపలికి వెళ్ళాను. గురువు ఇంటికి వచ్చాడంటే పూజైనా ఉండాలి, ఎవరైనా పోయైనా ఉండాలి అనుకుంది ఆ తల్లి. ఆమెకు అలా అలవాటు చేసింది మనమే.

ఆమె చేసే పని పూతరేకులు. మీలో చాలామంది వాటిని తిన్నవారే గాని, తయారీ చూసినవారు కొద్దిమందే ఉంటారు. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలాగా పలచగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచని గుడ్డను ఆ పిండిలో ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి పరచి లాగేస్తారు. రెప్పపాటులో రేకు కడుతుంది. దాన్ని అంచు పట్టుకుని చిరగకుండా తీయాలి. తరువాత తడిగుడ్డతో కాస్త మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడత పెడతారు. తడి తక్కువైతే రేకు విరిగిపోతుంది, ఎక్కువైతే ముద్దయిపోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పొగ ముందు కూర్చున్న ఆడవాళ్ళ కళ్ళ మంటకు మాత్రం ఏ గుర్తింపూ లేదు.

భర్త ఉన్నప్పుడు కొబ్బరాకులు ఎండబెట్టి కట్టలు కట్టడం, సిద్ధమైన పెట్టెలు సైకిలు మీద రావులపాలెం చేర్చడం ఆయన వంతు. పొయ్యి దగ్గర కూర్చోవడం ఆమె వంతు. పెద్దమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. తండ్రి పోయినప్పుడు రాలేకపోయింది. సమాధుల తోటలో గుంటలో మట్టి వేయడం ఫోనులో చూసింది.

"నలభై రోజులూ ఇల్లు ఖాళీ లేదండీ. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. నలభై ఒకటో రోజు పొద్దున్నే కాఫీ కలిపి రెండు గ్లాసుల్లో పోశాను. పోశాక చూసుకున్నాను. ఆ రెండోది ఏం చెయ్యాలో తెలియలేదు" అంది.

నేను ఒక వాక్యం ఎత్తుకోబోయాను. గురువులకు అదొక అలవాటు, నోరు ఖాళీగా ఉండదు. ఆమె మర్యాదగా తలూపింది గాని వినలేదు.

ఆ నలభై ఒకటో రోజు మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చింది పక్కింటావిడ. ఆవిడ మన మతస్థురాలు కాదు, ఆవిడ ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. తన కుండా, తన గుడ్డా పట్టుకుని వచ్చి, "మా పొయ్యి పొగ ఎక్కువ పెడుతోందమ్మా, ఇక్కడ చేసుకుంటాను" అందట. అప్పటి నుంచీ రోజూ పక్కపక్కనే రెండు పొయ్యిలు. "వాళ్ళ పొయ్యికి ఏమీ కాలేదని నాకు తెలుసండీ. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు" అని చెప్పి ఈ తల్లి మొదటిసారి నవ్వింది.

ఇక నేను చెప్పాలనుకుంటున్న అసలు సంగతికి వస్తాను. ఆమె భర్త పోయిన ఆరో నెలలో, ఆమె సొంత అక్క కూతురికి పెళ్ళి జరిగింది. దేవాలయంలోనే, దివ్యబలిపూజతోనే జరిగింది. పెళ్ళివారికి పంచిన పూతరేకులు ఈ తల్లి చేతి మీదుగా వచ్చినవే. కాని ఆమె పెళ్ళిలో లేదు. "పెళ్ళికి రా గాని, నలుగు పెట్టి పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు మాత్రం కాస్త వెనకాల ఉండు, పెద్దవాళ్ళు ఏమైనా అనుకుంటారు" అని కబురు పంపారు. "వాళ్ళనెందుకండీ ఇబ్బంది పెట్టడం, నేనే మానేశాను" అంది ఆమె.

ప్రియ సహోదరులారా, ఆ పెళ్ళిలో వివాహ ప్రేమ గురించి ప్రసంగం చేసింది నేనే. భోజనాల దగ్గర రెండు పూతరేకులు తిన్నాను. బాగున్నాయన్నాను. అవి చేసిన మనిషి ఎక్కడ అని అడగలేదు.

ఇప్పుడు సువిశేషం తెరవండి. యెరూషలేముకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, సైకిలు మీద పావుగంట ప్రయాణమంత దగ్గరలో, బెతానియా అనే ఊళ్ళో మార్త, మరియ, లాజరు ఉండేవారు. ఆ అక్కచెల్లెళ్ళ ఇంటికి ప్రభువు వచ్చినట్లు సువిశేషాలలో మూడుసార్లు చూస్తాం. మొదటి రాక లూకా 10వ అధ్యాయంలో. అది మామూలు రోజు. మార్తమ్మ వంట హడావిడిలో ఉంది, మరియమ్మ పాదాల చెంత కూర్చుని వింటోంది, అక్కకు చెల్లెలి మీద కోపం వచ్చింది. పచ్చగా ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగే గొడవే అది.

రెండో రాక యోహాను 11లో. లాజరు చనిపోయి, సమాధిలో పెట్టి అప్పటికే నాలుగు రోజులు. ప్రభువు ఆలస్యంగా వచ్చారని అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే మాట అన్నారు: మీరు ఇక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు పోయేవాడు కాదని. ప్రభువు ఆ నిష్ఠూరానికి నొచ్చుకోలేదు. మార్తమ్మ లేచి ఊరి బయటకు ఎదురు వచ్చింది, మరియమ్మ ఇంట్లోనే కూర్చుండిపోయింది. దుఃఖంలో ఒకరు నడుస్తారు, ఒకరు కూలబడతారు. ఆయన ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేదు. ఇంకొద్దిసేపటిలో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చారు. పునరుత్థానం ఉంది కదా, ఏడవకూడదమ్మా అని మన ఇళ్ళలో కొందరు మందలిస్తుంటారు. వాళ్ళు ఈ అధ్యాయాన్ని మరోసారి చదవాలి.

ఇక్కడి వరకు మనందరికీ తెలుసు. భూస్థాపన పూజల్లో ఎన్నిసార్లు విన్నామో. మూడో రాకను మాత్రం త్వరగా దాటేస్తాం. పాస్కకు ఆరు రోజుల ముందు ప్రభువు మళ్ళీ బెతానియాకు వచ్చారు. అక్కడ ఆయనకు విందు చేశారు. మార్తమ్మ మళ్ళీ వడ్డిస్తోంది. ఈసారి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. లాజరు పంక్తిలో కూర్చున్నాడు. మరియమ్మ జటామాంసి పరిమళ తైలం తెచ్చి ప్రభువు పాదాలకు పూసి తన తలవెంట్రుకలతో తుడిచింది. ఇల్లంతా సువాసన. దాని ఖరీదు మూడు వందల దీనారాలని యూదా లెక్క కట్టాడు. దీనారం ఒక రోజు కూలి గనుక దాదాపు ఏడాది కూలి డబ్బు. నాలుగు రోజుల శవం ఉన్న సమాధి తెరవవద్దు, వాసన వస్తుందని భయపడ్డ ఆ ఇంటివారే కదా వీరు! మరణం సంగతి ఆ ఇంటిని పూర్తిగా విడిచిపోలేదు కూడా. లాజరును సైతం చంపాలని ప్రధానార్చకులు ఆలోచిస్తున్నారు. ఆ తైలం తన భూస్థాపనకే అని ప్రభువే చెప్పారు. అయినా విందు ఆగలేదు. చావు చూసిన చేతులు అపశకునమని ఎవరూ అనలేదు. దేవుని కుమారుని పాదాలను చివరి వారంలో ముట్టుకున్నవి ఆ చేతులే.

రూతు గ్రంథం కూడా చూడండి. నవోమి భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగివచ్చి, తనను చేదు అనే పేరుతో పిలవమంది. చివరి అధ్యాయంలో రూతు బిడ్డను కన్నప్పుడు, నవోమికి కొడుకు పుట్టాడని చెప్పుకున్నది ఎవరు? ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. బిడ్డకు ఓబేదు అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. ముగ్గురిని పూడ్చిన ముసలి వితంతువు ఒడిలోకే ఆ పసివాడు వచ్చాడు. దావీదు రాజుకు తాత అయ్యాడు, మన ప్రభువు వంశావళిలో నిలిచాడు.

మరి మన ఇళ్ళలో ఈ వెనక నిలబెట్టే ఆచారం ఏ గ్రంథంలోది? జ్ఞానస్నానం పుచ్చుకున్నాం గాని దీన్ని నీళ్ళలో వదలలేదు. కొంచెం ఎగువన ఉన్న రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వండింది. వారు మన మతస్థులు కారు. నూట నలభై ఏళ్ళు దాటిన తరువాత, అదే గోదావరి నీళ్ళు తాగే మనం, శిలువ గుర్తు వేసుకునే చేత్తో సొంత చెల్లెలిని పందిట్లోంచి వెనక్కి నెడుతున్నాం. నాకైతే సిగ్గుగా ఉంది.

మనవాళ్ళకు దయ లేదని నేను అనను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు, తోటలకు తోటలు నేలకూలాయి. ఆ రోజుల్లో ఎవరు ఏ కులమో, ఏ మతమో అడగకుండా ఉన్న గుప్పెడు బియ్యం పంచుకు తిన్నారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆపద వచ్చిన రోజున మన ప్రజలు వెనుకాడరు. ఆపద దాటాక పక్కన కూర్చునే ఓపికే తక్కువ. కూలిన కొబ్బరిచెట్టు చోట మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుందని ఇక్కడి ప్రతి రైతుకూ తెలుసు. అదే రైతు, ఇంటాయన పోయిన మనిషి నలభై రోజుల్లో తేరుకోవాలంటాడు. తేరుకున్నాక పందిట్లోకి మాత్రం రాకూడదంటాడు!

కాబట్టి మీ ఇంట్లో ఈ ఏడాది పెళ్ళి ఉంటే, శుభలేఖ మీద పేర్లు రాసేటప్పుడు గతేడాది మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళను ముందు రాయండి. పేరు రాసి ఊరుకోకుండా వెళ్ళి పిలవండి. నలుగు పెట్టేటప్పుడు మొదటి చెయ్యి ఆ పిన్నిదో, ఆ అత్తదో కానివ్వండి. మాట అనే పెద్దవాళ్ళు ఉంటే మీ విచారణ గురువును పిలవండి, ఆ మాట నేను పడతాను అనే గురువులు మనకు ఉన్నారు. పిల్లవాడి జ్ఞానస్నానానికి, కొత్త ఇంటి ఆశీర్వాదానికి, క్రిస్మసుకు పిండివంటలు మొదలుపెట్టే రోజుకు అలాగే పిలవండి. రానంటే లాక్కురావద్దు. మరియమ్మ ఇంట్లో కూర్చున్నప్పుడు ప్రభువు ఆమెను పిలిపించారు గాని విసుక్కోలేదు. మళ్ళీ నెల పోయాక పిలవండి. ఇంకొక సంగతి. గల్ఫులో ఉండి తల్లినో తండ్రినో కడసారి చూడలేకపోయిన పిల్లలకు నలభై రోజుల తరువాత ఎవరూ ఫోను చెయ్యరు. వాళ్ళకు డబ్బు గురించే ఫోన్లు వెళతాయి. ఈ ఆదివారం పూజ అయ్యాక ఒక ఫోను వాళ్ళ నాన్న గురించి చెయ్యండి. ఆయన సైకిలు గురించి, ఆయన జోకుల గురించి మాట్లాడండి.

2021లో, స్వర్గస్థులైన ఫ్రాన్సిస్ పోపు గారు జూలై 29వ తేదీని మార్త, మరియ, లాజరుల ముగ్గురి జ్ఞాపకోత్సవంగా పూజాకాలపట్టికలో చేర్పించారు. అంతకుముందు ఆ రోజు మార్తమ్మ ఒక్కదానిదే. ఇప్పుడు ఇల్లంతటిదీ అయింది. ఆ పండుగనాడు ఉదయం పూజ అయ్యాక నేను ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. గోదావరికి ఎర్రనీరు వచ్చి గట్టు కింద ఉరకలు వేస్తోంది. అంతకుముందే ఆమె అక్కగారింటికి వెళ్ళి, ముందు నా తప్పు చెప్పుకుని, తరువాత వాళ్ళది చెప్పాను. అక్కగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

"పూజ ఉందా ఫాదర్ గారూ?" అని ఈ తల్లి మళ్ళీ అడిగింది.

"లేదమ్మా, కాఫీకి వచ్చాను" అన్నాను.

రెండు పొయ్యిలూ మండుతున్నాయి. నా కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే పక్కింటావిడ నవ్వి, పీట కాస్త దూరంగా జరిపింది. కాఫీ తాగుతుండగా ఆ తల్లి చెప్పింది. అక్క కూతురికి ఏడో నెల, వచ్చేవారం సీమంతం. నిన్న సాయంత్రం అక్క స్వయంగా వచ్చి, మొదటి గాజు నువ్వే తొడగాలి అని అడిగి వెళ్ళిందట.

"వెళతావా అమ్మా?"

"ఇంకా ఏమీ చెప్పలేదండీ. ఆలోచిస్తున్నాను. ఆ వారంలో రేకుల ఆర్డరు కూడా ఉంది."

పక్కింటావిడ కుండ మీంచి తల ఎత్తలేదు. గుడ్డ లాగి, రేకు తీసి పక్కన పెడుతూనే అంది: "ఆలోచనేంటి? రేకులు నేను చూసుకుంటాను. నువ్వు ఏ చీర కట్టుకుంటావో అది చెప్పు."