మరువ పారే చోటు: కరవుసీమ చూపులో జలపాత సందర్శనం

వ్యాససంగ్రహం

అడవిదారిన నడిచి వెళ్లి జలపాతాన్ని చూసి రావడాన్ని సాధారణంగా విహారంగానే పరిగణిస్తారు. నీటి కొరతే జీవితానుభవమైన అనంతపురం పీఠభూమి నుంచి వెళ్లే సందర్శకుడి విషయంలో మాత్రం ఈ విహారం ఒక నైతిక ప్రశ్నను లేవనెత్తుతుంది. అవసరం తీరనివాడు నీటి అందాన్ని అందంగా చూడగలడా? అలా చూడడం తగునా? సౌందర్యశాస్త్రం చెప్పే నిరపేక్షతను, కరవుసీమలో వినిపించే ‘వృథా’ భావనను పరీక్షించి, చెరువు ‘మరువ’ అనే స్థానిక భావన ఈ ప్రశ్నకు మెరుగైన సమాధానం ఇస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జలపాతం, కరవు, మరువ, నిరపేక్షత, వృథా, ఋణం.

1. ఉపోద్ఘాతం

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. పెన్న ఈ నేలమీదుగానే పారుతుంది. అయినా ఏడాదిలో ఎక్కువకాలం అది ఇసుకదారి. ఆ ఇసుకలో గుంత తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడుకునే ‘చెలమ’ ఇక్కడి జనానికి నది చూపిన నిత్యరూపం. అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం తన ‘పెన్నేటి పాట’లో ఈ నీరులేని నదినే కావ్యవస్తువుగా తీసుకున్నాడు.

ఇట్టి నేలపై పెరిగిన మనిషి శేషాచలం అడవుల్లోని తలకోనకో, పడమటి కనుమల్లోని జోగ్‌కో వెళ్లి, ఎవరూ తోడకుండానే, ఎవరి వంతూ కాకుండానే కొండమీది నుంచి దూకే నీటి ఎదుట నిలబడినప్పుడు అతని చూపు ఎలాంటిది? ఆనందంతో పాటు ఒక కలత కూడా అందులో ఉంటుంది. ఇంటివద్ద బిందెల లెక్కన వాడుకునే పదార్థం ఇక్కడ లెక్కకు అందకుండా పోతూ ఉంటుంది. ఆ కలతను కేవలం మనోభావంగా తీసిపారేయకుండా, దానిలోని నైతిక విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే కొండకు రెండు వైపులు

తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. అక్కడి అడవి చాలావరకు ఆకురాల్చే అడవి. వాగు వెంబడి ఉన్న తేమనేలలో మాత్రమే చెట్లు ఎల్లకాలం పచ్చగా కనిపిస్తాయి. శాస్త్రపరిభాషలో వర్షారణ్యం అనదగిన అడవిని చూడాలంటే అనంతపురం మనిషి పడమటి కనుమలకే వెళ్లాలి. అక్కడి ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అంటే అనంతపురంలో పన్నెండు పదమూడేళ్లలో కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందన్నమాట.

ఈ రెండు అంకెలకూ మధ్య కార్యకారణ సంబంధం ఉంది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమగాలి కనుమలను ఎక్కుతూ చల్లబడి, పడమటి వాలులోనే తన భారాన్ని చాలావరకు దించుకుంటుంది. కొండ దాటి తూర్పుకు దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది. వర్షారణ్యాన్ని పెంచిన కొండే వర్షచ్ఛాయను కూడా సృష్టించింది. కాబట్టి కరవుసీమ సందర్శకుడు ఆ జలపాతం ఎదుట నిలబడినప్పుడు తన లేమికి కారణమైన చోటనే నిలబడుతున్నాడు.

అయితే సంబంధం అక్కడితో ముగియదు. తుంగ, భద్ర నదులు పుట్టింది కూడా ఆ కనుమల్లోనే. హోస్పేట వద్ద 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎగువ కాలువ ద్వారా వచ్చే నీరు అనంతపురం పొలాలకు, ఊళ్లకు చేరుతోంది. లేమి వచ్చిన చోటి నుంచే ఉన్న కాస్త నీరూ వస్తోంది. అడవినేలలోని ఆకుల పొర వాననీటిని పట్టి మెల్లగా విడవడం వల్లనే వాన వెలిసిన తరువాత కూడా ఆ వాగులు పారుతాయి. ఈ సంగతి తెలిసిన మనిషికి జలపాతం పరాయి దృశ్యంగా మిగలదు.

3. నిరపేక్ష దృష్టి, దాని పరిమితి

సౌందర్యానుభవం స్వార్థాపేక్ష లేనిదై ఉండాలన్న వాదాన్ని పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో స్థిరపరచినవాడు ఇమ్మానుయేల్ కాంట్. 1790లో వెలువడిన తన విమర్శగ్రంథంలో అతడు ఆకలిగొన్నవాడి ఇష్టాన్ని రుచిగా లెక్కించడానికి ఒప్పుకోలేదు. అవసరం తీరిన తరువాతే ఎవరికి అభిరుచి ఉందో, ఎవరికి లేదో తేలుతుందన్నది అతని అభిప్రాయం. మహానది ఎత్తునుంచి దూకే జలపాతాన్ని ఉదాత్తతకు ఉదాహరణల్లో ఒకటిగా చెబుతూ, చూసేవాడు సురక్షితంగా ఉన్నప్పుడే అది ఆకర్షిస్తుందని కూడా అన్నాడు.

భారతీయ రసచర్చలో దీనికి దగ్గరగా వచ్చే భావన ఉంది. అభినవగుప్తుడు రసానుభూతికి కలిగే విఘ్నాల్లో ఒకటిగా ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడాన్ని పేర్కొన్నాడు. అతడు చెప్పింది నాట్యం గురించి, ప్రకృతిదర్శనం గురించి కాదు. అయినా ఇద్దరి మాటలనూ కరవుసీమ సందర్శకుడికి అన్వయిస్తే ఫలితం ఒక్కటే. దాహం ఎరిగినవాడు జలపాతానికి తగిన ప్రేక్షకుడు కాడు.

ఈ నిర్ణయాన్ని అంగీకరించడం కష్టం. కుళాయి తిప్పితే నీరు వచ్చే ఇంటివాడికే నీటి అందాన్ని చూసే అర్హత ఉందనడం అభిరుచిని సంపదకు అనుబంధంగా మార్చడమే అవుతుంది. పైగా ఇందులో అనుభవవిరోధం కూడా ఉంది. చెలమ వద్ద నీరు ఊరేదాకా కాచుకుని కూర్చున్నవాడికి నీటి తేటదనం, చల్లదనం, చప్పుడు ఎంత నిశితంగా తెలుస్తాయో నిరపేక్షంగా చూసేవాడికి అంత నిశితంగా తెలియవు. ఇక్కడ అవసరం చూపును మసకబార్చలేదు, దానికి పదును పెట్టింది. కాంట్ చెప్పిన ఆకలిమనిషి వంటకాన్ని తినేస్తాడు గనుక అతని ఇష్టం వస్తువుతోపాటే ముగుస్తుంది. జలపాతాన్ని ఎవరూ ఇంటికి తెచ్చుకోలేరు. దప్పికగొన్న ఊరినుంచి వచ్చినవాడు తనతో తీసుకుపోలేని నీటిని చూసి సంతోషించగలిగితే, ఆ సంతోషంలో అవసరమూ ఉంది, అవసరాన్ని దాటిన చూపూ ఉంది.

4. ‘వృథా’ అనే మాట

దీనికి ఎదురుగా మరొక చూపు ఉంది. నదీజలాల చర్చల్లో ‘సముద్రం పాలవుతున్న నీరు’ అనే మాట తరచు వినిపిస్తుంది. నీరందని పొలం గట్టున నిలబడినవాడి నోట ఆ మాట రావడం సహజం. దాని వెనుక అన్యాయాల అనుభవం ఉంది. కాని దాన్ని సిద్ధాంతంగా మార్చుకుంటే, మనిషి చేతికి చిక్కని ప్రతి చుక్కా నష్టంగానే కనిపిస్తుంది. అప్పుడు జలపాతమంటే ఇంకా ఆనకట్ట కట్టని చోటు మాత్రమే.

శరావతి నది దూకే జోగ్ ఈ చూపు ఫలితాన్ని స్పష్టంగా చూపుతుంది. 253 మీటర్ల ఎత్తునుంచి పడే ఆ జలపాతానికి ఎగువన 1964లో లింగనమక్కి జలాశయం వెలసింది. నీరు విద్యుదుత్పత్తికి మళ్లింది. వాన బాగా కురిసి జలాశయం నిండిన రోజుల్లో తప్ప జోగ్ పాత రూపంలో కనబడదు. వేసవిలో రాతిగోడ మీద సన్నని ధారలే మిగులుతాయి. దీన్ని తప్పుపట్టే అర్హత కాలువనీటి మీద బతికే సీమకు తేలికగా రాదు. దీపమూ అవసరమే, పంటా అవసరమే. కాని అక్కడ పోయినదేదో ఉందని ఒప్పుకోవడానికి ‘వృథా’ సిద్ధాంతం వద్ద మాట లేదు. దాని లెక్కలో జోగ్ కోల్పోయింది శూన్యం.

విహారదృష్టి నీటి అవసరాన్ని మరచిపోతుంది. వృథాదృష్టికి అవసరం తప్ప మరొకటి కనబడదు. రెండింటిలోనూ నీరు చూసేవాడి వద్దనే ఆగిపోతుంది. ఎక్కడినుంచి వచ్చింది, తన తరువాత ఎవరికి చేరాలి అనే ప్రశ్న రెండింటిలోనూ పుట్టదు.

5. మరువ: కరవుసీమ జలపాతం

అనంతపురం పీఠభూమికి తనదైన జలపాతం ఒకటి ఉంది. అది చెరువు మరువ. తెలంగాణలో ‘అలుగు’ అని, నెల్లూరు సీమలో ‘కలుజు’ అని పిలిచే మిగులునీటి కట్టడాన్నే ఇక్కడ ‘మరువ’ అంటారు. ఏళ్ల తరబడి ఎండిన చెరువు నిండి మరువ పారిందంటే ఊరంతా కట్టమీదికి వస్తుంది. పసుపు కుంకుమలు చల్లి గంగపూజ చేస్తారు. పిల్లలు ఆ నీటికింద తడుస్తారు. పెద్దలు ఊరికే నిలబడి చూస్తారు. చిత్రావతి మీది బుక్కపట్నం చెరువు, దానికి దిగువన ధర్మవరం చెరువు నిండిన ఏడాది కనిపించే దృశ్యం ఇదే. అక్కడ చూసేవారి ఆనందాన్ని అవసరం, అందం అని రెండుగా చీల్చడం సాధ్యం కాదు. పంట పండుతుందన్న భరోసా, నీరు దూకే సొగసు ఒకే చూపులో కలిసి ఉంటాయి.

మరువ నిర్మాణంలోనే ఒక నీతి ఉంది. మిగులును విడిచే చోటు లేని చెరువుకు గండి తప్పదు. విడవడం నిలుపుకోవడానికి వ్యతిరేకం కాదు, దానికి షరతు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మరువనీరే కింది చెరువుకు రాబడి. పై ఊరివారి కంట ‘పోయే నీరు’ కింది ఊరివారి కంట ‘వచ్చే నీరు’. ఈ వ్యవస్థలో వృథా అనే మాటకు చోటు చాలా తక్కువ. అయితే మరువ ఎత్తు ఎంత ఉండాలన్నది నిజమైన వివాదాంశం. దాన్ని ఒక మూర పెంచుకుంటే పై చెరువులో నీరు పెరుగుతుంది, కింది చెరువుకు ఆ మేరకు తగ్గుతుంది. ‘ఇంతకు మించినది నాది కాదు’ అనే నిర్ణయం రాతిలో కట్టిన రూపమే మరువ.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలను కూడా చెబుతుంది. నేల ఎక్కువై నీరు తక్కువ కావడం ఎంత దోషమో, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం కూడా అంతే దోషం. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం మరొక దోషం. సాంకేతికమైన ఈ సూచనల వెనుక మితభావన ఉంది. ఎగువ దిగువల వైరం గురించిన ముందుచూపు ఉంది. తుంగభద్ర నీటిని నేడు మూడు రాష్ట్రాలు పంచుకుంటున్న స్థితిలో ఆ ముందుచూపు పాతబడలేదు.

ఈ భావనతో చూస్తే అడవిలోని జలపాతం అడవి మరువ అవుతుంది. చెట్టు, మన్ను, ఆకుపొర తమకు కావలసింది పట్టుకున్న తరువాత విడిచిన నీరు అది. దాని కింద నిలబడిన సందర్శకుడు గొలుసులో కింది చెరువు వంటివాడు. అందుకున్నవాడు గనుక ఋణపడినవాడు.

6. రెండు అభ్యంతరాలు

మొదటిది: మరువను ఇలా ఆదర్శీకరించడం గ్రామచరిత్రను మరుగుపరచడం కాదా? చెరువునీరు ఊరందరిదీ కాలేదు. ఆయకట్టు భూమి ఉన్నవారికే అది హక్కు. మడి మడికీ నీరు పారించిన నీరుగంటి తరచు దళితుడే. ఆ నీటితో పండే మడి తరచు అతనిది కాదు. ఊరిబావి చేద దళితుడి చేతికి అందని కాలం ఎంతో దూరాన లేదు. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ నాయకత్వాన వేలమంది చౌదార్ చెరువు నీరు తాగడమే ఒక పోరాటం కావలసివచ్చింది. ఈ అభ్యంతరం బలమైనది. అయితే అది మరువ సూత్రాన్ని కొట్టివేయదు. ఆ సూత్రాన్ని ఊరిలోపలికి కూడా అన్వయించమని అడుగుతుంది. తన హద్దు దాటిన నీటిని కింది ఊరికి వదలిన సమాజం తన ఊరి కింది వాడకు ఎందుకు వదలలేదన్న ప్రశ్న ఆ సూత్రం నుంచే పుడుతుంది. నీటి దగ్గర తరతరాలుగా దూరంగా నిలబెట్టబడినవారు, చేద గాని, వంతు గాని, కాపలా గాని లేని ధార కింద తలవంచి తడవడంలో విహారాన్ని మించిన అర్థం ఉంది. కాబట్టి జలపాతం చూడడం కలిగినవారికి తగిన విలాసమన్న మాట నిలవదు.

రెండవది: సంతోషించడానికి వెళ్లినవాడి మీద ఋణభారం మోపడం ఎందుకు? ఆనందం నిర్దోషమైనది కాదా? నిజమే, సందర్శకుడు అపరాధభావంతో నిలబడనక్కరలేదు. ఇక్కడ ఋణమంటే శిక్ష కాదు, సంబంధాన్ని గుర్తించడం. మరువ కింద తడిసే పిల్లవాడికి ఆ నీరు కింది ఊరికి పోతుందని తెలుసు. ఆ తెలివిడి వల్ల అతని కేరింత తగ్గదు. దారి తప్పి మొక్కలను తొక్కకపోవడం, సబ్బును, ప్లాస్టిక్‌ను వాగులోకి చేర్చకపోవడం వంటి సందర్శన నియమాలు కూడా అప్పుడు అటవీశాఖ ఆంక్షలుగా కాక, కింది ఊరివారి పట్ల మర్యాదగా అర్థమవుతాయి.

7. ముగింపు

అవసరం తీరనివాడు నీటి అందాన్ని చూడగలడు, చూడడం తగినదే. అతని చూపు నిరపేక్షం కాకపోవడం లోపం కాదు. అయితే ఆ చూపుకు అసలు పరీక్ష జలపాతం వద్ద జరగదు, ఇంటికి తిరిగి వచ్చాక జరుగుతుంది. వందల అడుగుల లోతుకు బోర్లు వేసి, పక్క పొలం బోరు ఎండినా మోటారు ఆపని సేద్యం మరువ లేని చెరువు వంటిది. భూగర్భజలానికి కంటికి కనిపించే కట్ట లేదు, రాతితో కట్టిన హద్దు లేదు. ఆ హద్దును మనుషులే తమలో తాము నిర్ణయించుకోవాలి. అడవిలో విడిచిపెట్టబడిన నీటిని చూసి సంతోషించినవాడు తన పొలంలో ఎంత విడవాలని అనుకుంటాడన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న తోడుగా తిరిగి వచ్చినవాడికి జలపాత సందర్శనం విహారంగా మొదలైనా విచారణగా మిగులుతుంది.