బేరమును సత్యమును

ఒక వస్తువునకు ఒక్కటే వెల చెప్పి, వచ్చినవారెవరైనను ఆ వెలకే యిచ్చువాడు సత్యవంతుడనియు, పదునైదు చెప్పి పదికి దిగువాడు అసత్యవాది యనియు మనలో సంస్కారప్రియులైన పెద్దలు పలువురు తలంచుచు వచ్చిరి. ఈ తలంపునకు దూరదేశములందును చుట్టములున్నారు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండు దేశమందు జార్జి ఫాక్సును ఆయన ననుసరించిన క్వేకరు మతస్థులును, పుచ్చుకొనదలచిన దానికంటె ఎక్కువ యడుగుట కల్లయే యని నమ్మి తమ యంగళ్లలో బేరమును మానివేసిరి. జనులు మొదట వారిని దూరముగా నుంచిరి. పిదప, పసిబిడ్డను పంపినను మోసము జరుగదని తెలిసికొని వారి యంగళ్లకే పోజొచ్చిరి. ఈ కథ వినుటకు ఇంపుగా నున్నది. అయినను దీనినుండి బేరమాడువా రందరును అబద్ధీకులను సిద్ధాంతమును తీయవచ్చునా యను సందేహము మమ్ము చాలకాలము వదలలేదు. అట్లయినచో మన సంతలలో కూర్చుండు అవ్వలందరును అబద్ధమాడువారే కావలసి వచ్చును గదా!

ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని మేము ఉజ్బెకిస్తాను బజారులలో కొన్ని దినములు తిరిగితిమి. బేరము అచ్చట నేటికిని సజీవముగా నున్నది. పైగా అచ్చటి బజారు మాటలలో సగము మన చెవికి చుట్టములు. త్రాసును వారు తరోజీ యందురు. మనకును తరాజు కలదు. మధ్యవర్తి వారికి దల్లోలు, మనకు దళారి. నాణెములు మార్చువాడు వారికి సర్రోఫు, మనకు షరాబు. కిమ్మతనగా మనకు వెల. వారికి అధికమైన వెల యని యర్థము. కావున కొనువాడు 'కిమ్మత్' అని తల యాడించెనేని బేరమునకు నాంది జరిగినట్లే. అన్నను వారు 'అకా' యని పిలుతురు. గుబురుమీసముల పెద్దమనిషిని అందరు 'అకా, అకా' యని పిలుచుట విని మా వెంటనున్న బాలిక నవ్వాపుకొనలేకపోయెను.

తాష్కెంటులో చోర్సూ బజారునకు పెద్ద నీలపు గుమ్మటము కలదు. అది 1980 వ సంవత్సరమున కట్టబడినదే గాని, ఆ చోట సంత జరుగుట శతాబ్దములనాటి మాట. సమర్కందులో సియాబు బజారు బీబీ ఖానం మసీదు ప్రక్కనే యున్నది. బుఖారాలో పదునారవ శతాబ్దమున వీధులు కలియు చోట్ల ఇటుకతో గుమ్మటములు కట్టి, వాని క్రింద వర్తకులను కూర్చుండబెట్టిరి. వానిలో మూడు నేటికిని నిలిచియున్నవి: కంసాలులది యొకటి, టోపీలమ్మువారిది యొకటి, షరాబులది యొకటి. బయట ఎండ మండుచున్నను లోపల చల్లగా నుండును. మన ముల్తాను, షికార్పూరు వర్తకులు ఒకప్పుడు బుఖారాలో ఒక సత్రమున నివసించి వడ్డీ వ్యాపారము చేసికొనుచుండిరి.

అచ్చటి బేరమునకు ఒక మర్యాద కలదు. అంగడి ముందు నిలువగానే వెల యడుగుట మోటుతనము. మొదట సలాము, కుడిచేయి రొమ్మున జేర్చుట, ఇంటిల్లిపాదియు కుశలమా యను ప్రశ్న. పిదప రుచి. ఖర్బూజా వానిచేతిలో చీలును, ముక్క మన నోటికి వచ్చును. ఎండిన జల్దారుపండ్లు, బాదము, వాల్నట్టు పప్పు, ఏదియు నోట వేసికొనక కొననక్కరలేదు. ఆ వెనుక వెల, దానికి మారువెల, కొంత నవ్వు, కొంత నిట్టూర్పు, రెండడుగులు వెనుకకు వేయుట, వెనుకనుండి పిలుపు. గొఱ్ఱెల సంతలో దల్లోలు వీరిద్దరి చేతులను బలవంతముగా కలిపి పట్టుకొని, ఇరువురును సరేయను వరకు ఊపుచుండును. ఉదయపు బోణీ సొమ్మును సరకులకు తాకించుకొను వర్తకులను మేము చూచితిమి. ఇసిరిక్ అను మూలికను చిన్న మూకుడులో కాల్చి ఆ పొగను అంగడంగడికిని పట్టుచు పోవు స్త్రీలను చూచినప్పుడు, దిష్టి తీయుట మన ఇండ్లలోనే పుట్టినదనుకొనుట ఎంత పొరపాటో తెలియవచ్చెను. రొట్టె యమ్ముచోట మాత్రము బేరము మాకు వినబడలేదు. రొట్టెను బోర్లవేయుట కూడ అచ్చట తప్పు.

ఇక ప్రశ్న. పదునైదు చెప్పి పదికి ఇచ్చినవాడు అబద్ధమాడెనా? నిజము కానిదానిని, ఎదుటివాడు నిజమని నమ్మవలెనను తలంపుతో చెప్పుట గదా అబద్ధము. పదునైదను మాటను కొనువాడు నమ్మడు. నమ్మునని అమ్మువాడును తలంపడు. అతడు ఈ వస్తువు పదునైదు చేయునని లోకమునకు వార్త చెప్పుట లేదు. పదునైదు ఇత్తువా యని యడుగుచున్నాడు. అడుగుటలో అత్యాశ యుండవచ్చును, కల్ల యుండదు. చదరంగమున బంటును ముందునకు జరిపినవానిని కల్లలాడినవా డందుమా?

అయినను క్వేకరుల మాటలో ఒక ముల్లు మిగిలియున్నది. ఆట తెలిసినవారి నడుమ నది ఆటయే. ఆట తెలియని పసిబిడ్డయో, ఆ యూరికి క్రొత్తవాడో వచ్చి పదునైదును నిజమైన వెలగానే నమ్మి యిచ్చిపోయెనేని, అప్పుడా మాట వాని చెవిలో వార్తయే యయ్యెను. అమ్మువాడు దానిని వార్తగా చెప్పలేదు గాని, వాడట్లు నమ్ముట చూచి ఊరకుండెను. ఈ మౌనమును ఏమందుము? దీనికి తిరిగి వత్తుము.

మాట ఎచ్చట కల్లయగునో, ఎచ్చట కాదో ఆ దేశపు పండితుడొకడు ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే విడదీసి చూపెను. ఫర్గానా లోయలోని మర్గిలాను వాడగు బుర్హానుద్దీన్ మర్గీనానీ 1197 వ సంవత్సరమున కాలధర్మము నొందెను. ఆయన రచించిన హిదాయా హనఫీ ధర్మశాస్త్రమున ప్రమాణగ్రంథము. చార్లెసు హామిల్టను దానిని 1791 లో ఇంగ్లీషున ప్రకటింపగా, మన దేశమందు కంపెనీ న్యాయస్థానములలో ముస్లిముల వ్యవహారములు తీర్చుటకు అదియు ఆధారమయ్యెను. అందు క్రయవిక్రయ ప్రకరణము విపులమైనది. అమ్ముటలో రెండు విధము లున్నవి. ఒకటి, అసలు ఖరీదు మాట యెత్తక ఉభయులును బేరమాడి ఒక వెలకు వచ్చుట. రెండవది, నేనింతకు కొంటిని, ఇంత లాభమునకు ఇచ్చుచున్నాను అని చెప్పి అమ్ముట. దీనిని మురాబహా యందురు. మురాబహాలో అసలు ఖరీదు విషయమున అమ్మువాడు కల్లలాడెనని తేలినచో, కొన్నవాడు ఆ వస్తువును త్రిప్పి యీయవచ్చును. మొదటి విధమున అసలు మాటయే రాలేదు గనుక ఆ హక్కు పుట్టదు. ఐబు దాచి అమ్మినచో మాత్రము రెండింటను త్రిప్పి యిచ్చు హక్కు కలదు.

ఈ విభాగము మాకు మిక్కిలి ప్రియమయ్యెను. బేరమాడువాని పాపమంతయు 'పదునైదు' అను సంఖ్యలో నున్నదని మనము వెదకుచుంటిమి. అది 'నాకే పదునాలుగు పడినది, నీ మీద ఒట్టు' అను పై మాటలో దాగియున్నది. మన యంగళ్లలో ఎన్ని ఒట్లు ఇట్టి యసలు ఖరీదు మీద పడుచున్నవో చదువరులకు చెప్పనక్కరలేదు.

మర్గిలానునకే పోయి చూతము. అది పట్టుల ఊరు. కుంతెపా బజారులో కట్టలు కట్టలుగా పట్టుగుడ్డలు పరచి కూర్చుందురు. అచ్చటి నేతగాండ్రు పడుగు నూలును కట్టలు కట్టి, అద్దకము వేసి, పిదప మగ్గమున కెక్కింతురు. అంచులు చెదరి మబ్బువలె అలముకొనును గనుక ఆ పనికి మబ్బు పేరే పెట్టిరి. పోచంపల్లి చీర నెరిగిన తెలుగువారికి ఈ విద్యను వేఱుగ బోధింపనక్కరలేదు. పుట్టపాకలో పడుగును పేకను రెంటిని కట్టి అద్దువా రున్నారు. ఫర్గానాలో పడుగును మాత్రమే కట్టుదురు. మగ్గపు గుడ్డ మూరెడు వెడల్పున కంటె పెద్దగా మించదు. కాని నేడు అదే బజారులో, అదే పోలిక బొమ్మలను యంత్రములతో కృత్రిమపు నూలుగుడ్డ మీద అచ్చువేసి, వెడల్పాటి తానులుగా అమ్ముచున్నారు. దూరమునకు రెండు నొక్కటే.

ఒక యంగడిలో మేము తానును చూపి, 'ఇది పట్టా?' అంటిమి. 'పట్టే, అకా, అసలైన పట్టు' అనుచు వర్తకుడు గుండె మీద చేయి వేసికొనెను. త్రిప్పి చూడగా వెనుకవైపు రంగు వెలవెలబోయి యుండెను. వాడడిగిన వెల న్యాయమైనది. అట్టి గుడ్డకు అంతకంటె తక్కువ యుండదేమో! బేరమునకు దిగినచో ఇంకను తగ్గించియుండును. వెలలో మోసము లేదు, పేరులో నున్నది. నాలుగంగళ్ల అవతల ఒక ముసలామె, మేమడుగక మున్నే, 'ఇది అచ్చు, పట్టు కాదు. ఉతుకుటకు మంచిది' అని ఒక తాను చూపి, రెండవ తానునుండి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చెను. వెండ్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్ల నడుమ పొడియయ్యెను. కృత్రిమపు నూలయినచో కరగి పూసగట్టును. ఆపై ఆమె చెప్పిన వెల విని మేము దిగ్భ్రమ నొందితిమి. ఒక గడియసేపు బేరమాడితిమి. ఆమె ఎంతకు దిగెనో చెప్పిన పాఠకులు నవ్వుదురు. ఈ ఇద్దరిలో క్వేకరు లెవరిని మెచ్చుకొందురు? తక్కువ చెప్పినవానినా, ఎక్కువ చెప్పినదానినా?

స్థిరమైన వెలయే సత్యమనువారికి ఆ దేశపు చరిత్ర మఱియొక పాఠము చెప్పగలదు. సోవియట్టు ప్రభుత్వము నాటి సర్కారు అంగళ్లలో ప్రతి వస్తువునకును నిర్ణయమైన వెల యుండెను, వస్తువు మాత్రము తరచుగా నుండెడిది కాదు. ఉన్న కాస్తయు తెలిసినవారికి వెనుకతలుపున పోవుచుండెను. అనగా బేరము చావలేదు. వెలనుండి పరిచయమునకు మారినది. 1932 వ సంవత్సరమున సమష్టి క్షేత్రముల రైతులు తమ మిగులు పంటను తామే చెప్పిన వెలకు బజారులో అమ్ముకొనుటకు ఆ ప్రభుత్వమే సమ్మతింపవలసి వచ్చెను.

స్వాతంత్ర్యానంతరము జరిగిన దింకను విచిత్రము. ఉజ్బెకిస్తాను నాణెమగు సోమునకు సర్కారు ఒక మారకపు వెల నిర్ణయించెను. బజారు మఱియొక వెల నిర్ణయించెను. బజారు వెల దాదాపు రెట్టింపు. 2013 వరకు వేయి సోముల నోటే అన్నింటికంటె పెద్దనోటు గావున జనులు కట్టలను సంచులలో మోసికొని పోవుచుండిరి. బజారు ద్వారముల చెంత డాలర్లను కొనువారు ప్రభుత్వదృష్టిలో నేరస్థులు. 2017 సెప్టెంబరు 5 వ తేదీని ప్రభుత్వము తన వెలను డాలరునకు 4,200 నుండి ఒక్కమారుగా 8,100 సోములకు మార్చెను. అనగా నిన్నటి వరకు చట్టవిరుద్ధముగా గుసగుసలాడిన సంఖ్యయే నిజమని ఒప్పుకొనెను. ఏండ్ల తరబడి ముద్రవేసిన కాగితముమీద నున్న స్థిరమైన వెల అబద్ధము. గోడవార నిలుచున్నవాని బేరము నిజము.

ఇంతమాత్రమున బజారును దేవాలయము చేయబోము. బుఖారా అమీరుల కాలమున రయీసను నధికారి వీధులు తిరిగి తూనికలను పరీక్షించుచుండెను. దొంగతూకమునకు కఠినశిక్ష యుండెను. 1832 లో ఆ నగరమునకు పోయిన అలెగ్జాండరు బర్న్సు అచ్చట వారమువారము మనుష్యులనమ్ము సంతను స్వయముగా చూచి వ్రాసెను. ఆ సంతలోను ఐబు దాచిన నేరమే! పండ్లు చూచి, కండలు నొక్కి, న్యాయమైన బేరమాడి మనుష్యుని కొనుచుండిరి. ఈ వాణిజ్యమును రష్యావారితోడి 1873 నాటి సంధి నిషేధించెను. మాటలో అణుమాత్రము కల్ల లేకయే మహాపాపము జరుగగలదని ఇంతకంటె నిదర్శనము వలదు. సత్యమును గూర్చి ఇంత తర్కించిన శాస్త్రకారుడు గూడ బానిసల క్రయమును అంగీకరించిన కాలపువాడే యనుట మరువరాదు.

ఇప్పుడు ఆట తెలియనివాని సంగతి. ఇంతసేపును అమ్మువానినే నిలదీసితిమి, కొనువాడు సత్యహరిశ్చంద్రుడా? మనసు పడిన వస్తువును మూతి విరిచి చూచును, లేని ఐబు లెన్నును, ప్రక్కయంగడిలో సగమునకే యిచ్చెదరనును. ఆ ప్రక్కయంగడి తరచుగా ఆకాశమున నుండును. 'నాకే పదునాలుగు పడినది' అనుటకు ఇది సరియైన జోడు. వెలను తగ్గించుమని యడుగుట కోరికయే. ఇది మాత్రము వార్త.

పరదేశికి వెల పెంచి చెప్పుటను గూర్చి మాతో నున్నవారిలో వాదము జరిగెను. అది దొంగతన మని యొకరు. విమానమెక్కి వచ్చినవాడు ఊరివానితో సమానముగా ఇచ్చుటయే అన్యాయ మని మఱియొకరు. అడిగినంత యిచ్చుచు పోయినచో రేపు ఊరి ఇల్లాలికి కూడ వెల పెరుగునని మూడవవారు. మూడింటను నిజమున్నది. మా తలంపున, తెలియనివాని మౌనముగా దోచుకొనుట తప్పే. కాని ఆ తప్పు అప్పనము ఎంతయో, అమ్మువాని యవసరమెంతయో చూచి పెరుగుచు తరుగుచు నుండును. పట్టు కొనునప్పుడు పోరాడుట వేఱు. కొత్తిమీర కట్ట కొనునప్పుడు పోరాడుట వేఱు.

సియాబు బజారు వెలుపల ఒక వృద్ధురాలు నేలమీద గుడ్డ పరచి ఆకుకూరలు పెట్టుకొని యుండెను. కట్టకు మూడువేల సోములనెను. మన రూపాయలలో ఇరువది చిల్లర. మా ముందున్న యాత్రికుడు పది నిమిషములు వాదించి రెండువేలకు గెలిచి, ఆ గెలుపును తన స్నేహితులకు చెప్పుకొనుచు పోయెను. ఆమె వానిమీద కోపించినట్లు మాకు తోపలేదు. మా వంతు రాగా మేము మారుమాట లేక మూడువేలు చేత బెట్టితిమి. ఆమె నోటును చూచి, మమ్ము చూచి, ఒక్క క్షణము తెల్లబోయెను. పిదప ఇంకొక కట్ట తీసి, దానిపై గుప్పెడు పుదీనా వేసి, మా సంచిలో పడవేసెను. మేము వలదు వలదనుచున్నను, కొసరును తిరిగి తీయనీయలేదు.