తాళం మార్చినవాడి బాధ్యత

2013లో యాపిల్ కీనోట్‌ని కొత్తగా రాసింది. కీనోట్ '08, అంతకు ముందటి ప్రెజెంటేషన్లని అది నేరుగా తెరవలేకపోయింది. అప్పట్లో ముందు '09లో తెరిచి, సేవ్ చేసి తేవాల్సి వచ్చేది. పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే సరిపోయేదిగా అంటారు మా ప్రోగ్రామర్లు. పీడీఎఫ్‌లో మాట మిగులుతుంది, నిజమే. దాన్ని దిద్దుకునే వీలు పోతుంది. నేను అన్నదే నాకు శిలాశాసనమైపోతుంది.

తాటాకులూ చివికిపోయేవే. బ్రౌన్ పండితుల్ని పెట్టి వాటికి కొత్త ప్రతులు రాయించాడు. కానీ ఆకు చివకడం ఎవరి నిర్ణయమూ కాదు. ఫార్మాట్ మార్చడం మాత్రం ఒకరి నిర్ణయమే. పాత ఫైళ్ళు చదివే కోడ్‌ని ఏళ్ళ తరబడి మోయడం బరువే, దానికి ఎవరూ డబ్బివ్వరు. అయినా తాళం మార్చినవాడే పాత తలుపుకీ చెవి ఇవ్వాలి. కోడ్ రాసి బతికే నాకూ ఇందులో మినహాయింపు లేదు.