ఇతరులు కోరిన బ్రతుకు

ధ్యాన భాగము: లూకా 10:38-42

స్త్రీ తన్ను తాను తెలిసికొనుటను గూర్చిన పుస్తకములు నేడు అనేకము వచ్చుచున్నవి. చదువుకొన్న మన కుమార్తెలు, కోడండ్రు వానిని చదువుచున్నారు. అట్టివి ఇంట ఉంచవద్దని కొందరు పెద్దలు చెప్పుట మేము విన్నాము. వారి భయమును మేము తేలికగా కొట్టివేయము. తన ఇష్టమే తనకు దేవుడని నేర్పు పుస్తకములును కలవు. అయితే ఇతరులు కోరినట్లు బ్రతుకని స్త్రీ అంతమాత్రమున పాపియగునా?

ఈ సందర్భమున పండిత రమాబాయిగారు మాకు జ్ఞాపకము వచ్చుచున్నారు. ఆమె 1858లో జన్మించిరి. తండ్రి అనంతశాస్త్రి తన భార్యకు సంస్కృతము నేర్పి నిందలు పడెను. ఆ తల్లియే రమాబాయికి గురువాయెను. కరవులో తలిదండ్రులు పోగా, ఆమె అన్నతో కాలినడకన దేశము తిరిగి, 1878లో కలకత్తా పండితుల యెదుట నిలిచి బిరుదు పొందిరి. 1880లో కులాంతర వివాహము, 1882లో వైధవ్యము, ఒడిలో పసిబిడ్డ. విధవ మూల కూర్చుండవలెనని లోకము కోరెను. ఆమె కూర్చుండలేదు. అగ్రకుల హిందూ స్త్రీల బాధలను గూర్చి 1887లో పుస్తకము ప్రకటించి, 1889లో బొంబాయిలో విధవల కొరకు శారదా సదనము తెరచిరి.

ఇంతవరకు చెప్పిన యెడల మన సంఘములలో అందరు ఆమేన్ అందురు. మరియొక సంగతియు చెప్పవలెను. 1883లో ఇంగ్లాండులో బాప్తిస్మము పొందిన పిమ్మట, ఆమెకు వాక్యము నేర్పిన సహోదరీలే ఆమె నుండి మారుమాటలేని విధేయత కోరిరి. ఆమె పురుషులకు పాఠము చెప్పవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, మన దేశములోని బిషప్పులు తగదనిరి. నా తండ్రిగాని భర్తగాని ఆక్షేపింపని దానిని క్రైస్తవులు ఆక్షేపించుట యేమని ఆమె ఆశ్చర్యపడిరి. లేఖనమును తానే చదివి, మనస్సాక్షి ఒప్పిన దానినే నమ్ముదునని ఉత్తరములలో పట్టుబట్టిరి.

ఇప్పుడు మనము ఎవరి పక్షమున నుందుము? దూరపు రమాబాయి మనకు భక్తురాలు; మన ఇంటి కోడలు బైబిలు తరగతిలో ఒక ప్రశ్న వేసిన యెడల నోటిదురుసు గలది. మేమును అట్లు తలంచిన దినములు కలవు.

బేతనియలో మార్త కోరినది అన్యాయమైనది కాదు. ఇంటికి అతిథులు వచ్చినప్పుడు చెల్లెలు సాయము చేయవద్దా? అయినను ప్రభువు మరియను లేపి వంటింటికి పంపలేదు. అయితే మరియ లేచి తన దారిన పోనులేదు. ఆయన పాదములయొద్ద కూర్చుండెను. 1907లో వ్రాసిన తన సాక్ష్యములో రమాబాయిగారు ఇట్టి సంగతినే ఒప్పుకొనిరి. పాత కట్టుబాట్లు తెంచుకొని, బాప్తిస్మము పొంది, క్రొత్త పెద్దలను ఎదిరించిన తరువాతను, మతము దొరికెనే గాని క్రీస్తు దొరకలేదని కొన్ని సంవత్సరములకు గ్రహించిరట. ఇరుపక్షముల వారికి కాదని చెప్పగలిగిన స్త్రీ, ఆయన యెదుట నేనేమియు కానని చెప్పిరి.

ఆ మీదట కేడ్గాములోని ముక్తి ఆశ్రమమున ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, కొద్దిపాటి చదువు గల స్త్రీలకును తెలియునట్లు బైబిలంతయు సులభమైన మరాఠీలోనికి మార్చిరి. 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించిరి. ఆ బైబిలునకు అక్షరములు కూర్చి అచ్చువేసినవారు ఆ ఆశ్రమములోని స్త్రీలే.