సగములో నిలిచిన పాట



ఒకడు ఆరంభించిన పని అతని మరణముచేత సగములో నిలిచిపోయినప్పుడు, దానిని ముట్టుటకు ఎవరికి అధికారము కలదు? దానిని ఉన్నది ఉన్నట్లు విడిచిపెట్టుట మేలా, పూర్తిచేయుట మేలా? ఈ ప్రశ్న ఏదో ఒకనాడు ప్రతి ఇంటికిని వచ్చును. తండ్రి పునాది వేసి విడిచిన ఇల్లు గాని, అన్న మొదలుపెట్టిన బావి గాని, తల్లి తీర్చలేకపోయిన మ్రొక్కుబడి గాని మన చేతులలో మిగిలిపోవును. ఈ నెల ఈ సంగతిని ఇంగ్లండు దేశపు గాయకుల చరిత్రనుండి ధ్యానింపగోరుచున్నాము.

వారు బీటిల్స్ అను బృందమువారు. లివర్‌పూల్ పట్టణస్థులైన జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసన్, రింగో స్టార్ అను నలుగురు. జాన్, పాల్ అనువారు మొదట కలిసికొనినది 1957 జూలై 6వ తేదీన, ఆ పట్టణపు వూల్టన్ పేటలోనున్న సెయింట్ పీటర్స్ దేవాలయపు ఉత్సవమునాడే. అప్పటికి ఒకనికి 16 ఏండ్లు, మరియొకనికి 15 ఏండ్లు. వారి పాటలు సంఘపు కీర్తనలు కావు. 1966లో జాన్ క్రైస్తవ మతమును గూర్చి పలికిన మాటవలన అనేకులు నొచ్చుకొనిరి. అతడు పిమ్మట విచారము తెలియజేసెను. ఆ పాటలను ఆరాధనలో పాడుడని మేము చెప్పుటలేదు. ఆ స్నేహితులు చేసిన ఒక పనిలో మనకు పాఠమున్నది గనుక చెప్పుచున్నాము.

1970లో ఆ బృందము విడిపోయెను. ఆ సంవత్సరాంతమున పాల్ తక్కిన ముగ్గురిమీద లండను హైకోర్టులో వ్యాజ్యము వేసెను. మరుసటి ఏట జాన్ అతనిని ఎత్తిపొడుచుచు ఒక పాటయే కట్టెను. కొన్ని ఏండ్లకు కోపము చల్లారి వారిద్దరు మరల కలిసి మాటలాడుకొనిరి గాని, నలుగురును కూడి పాడు దినము మాత్రము రాలేదు. 1980 డిసెంబరు 8న న్యూయార్కులో తన నివాసపు వాకిటనే జాన్ తుపాకి గుండ్లకు గురియై, 40 ఏండ్ల ప్రాయమున మరణించెను.

అతని ఇంట కొన్ని క్యాసెట్టులు మిగిలెను. పియానోవద్ద కూర్చుండి, కట్టుచున్న పాట మరుపు రాకుండ గురుతుకొరకు పాడి ఉంచుకొనిన నమూనాలవి. 1994లో అతని భార్య యోకో ఓనో వాటిని పాల్‌కు అప్పగించెను. బ్రదికియున్న ముగ్గురును ఇంగ్లండులోని పాల్ స్టూడియోలో కూడుకొని, ఆ స్వరమునకు తమ స్వరములను వాద్యములను కలిపిరి. ఆలాగున 1995లో ‘ఫ్రీ యాజ్ ఎ బర్డ్’, 1996లో ‘రియల్ లవ్’ అను పాటలు వెలువడెను. ‘నౌ అండ్ దెన్’ అను మూడవ పాటను 1995లో మొదలుపెట్టి, టేపు బాగుగా లేనందున విడిచిపెట్టిరి. 2001 నవంబరు 29న జార్జి కూడ కన్నుమూసెను. మిగిలిన ఇద్దరును 80 ఏండ్లు దాటినవారై దానిని ముగించిరి. 2023 నవంబరు 2న అది లోకమునకు వినబడెను. ఇందులో మనము మూడు సంగతులు గమనింతము.

మొదటిది, వారు తమకు అప్పగింపబడినదానినే చేపట్టిరి. దావీదు మందిరము కట్టగోరెను గాని కట్టలేదు. బంగారమును వెండిని మ్రానులను సమకూర్చి, కట్టవలసిన రీతిని తన కుమారునికి తానే తెలియజేసి నిద్రించెను. సొలొమోను ఏడు సంవత్సరములలో దానిని కట్టి ముగించెను. అక్కడ చనిపోవువాని నోటనుండియే ఆజ్ఞ కలదు. జాన్ అయితే అట్టి ఆజ్ఞ ఏదియు ఇయ్యలేదు. గనుక అతని స్నేహితులు ఆ టేపులను తమ సొత్తని అనుకొనలేదు. అతని భార్య చేతినుండి పుచ్చుకొనిరి. మూడవ పాట వెలువడినప్పుడు జాన్ కుమారుడును జార్జి భార్యయు సంతోషించి మాటలాడిరి. పని ఆరంభించునప్పుడు పాల్ తన మిత్రులతో, జాన్ విహారమునకు వెళ్లి, మిగిలినది మీరే ముగించుడని మనలను నమ్మి టేపు పంపెనని తలంచుదమనెను. ఆ తలంపు వారి దుఃఖభారమును తేలిక చేసెను. అయినను తలంపు వేరు, అనుమతి వేరు. చనిపోయినవాడు అవునని చెప్పలేడు, కాదనియు చెప్పలేడు. కాబట్టి పూర్తిచేయువాడు యజమానుడు కాడు, గృహనిర్వాహకుడు మాత్రమే. గృహనిర్వాహకునియందు వెదకవలసినది నేర్పుకంటె ముందు నమ్మకత్వము.

రెండవది, వారు స్వరమును కల్పింపలేదు, దానిని కప్పినదానిని తొలగించిరి. ఆ క్యాసెట్టులో స్వరమును పియానోయు ఒకదానిలో ఒకటి కలిసిపోయెను. విద్యుత్తు రొద కూడ వాటితో చేరెను. పియానోను హెచ్చించిన స్వరము మునుగును, స్వరమును హెచ్చించిన పియానోయు వెంట వచ్చును. 1995 నాటి యంత్రములకు వాటిని విడదీయుట సాధ్యము కాలేదు. 2021లో వెలువడిన ‘గెట్ బ్యాక్’ అను చిత్రముకొరకు పీటర్ జాక్సన్ అను దర్శకుని పనివారు, ఏది మనుష్యుని గొంతు, ఏది వాద్యము అని గుర్తుపట్టి వేరుచేయుట కంప్యూటరుకు నేర్పిరి. ఆ ఉపాయముతోనే 2022లో జాన్ స్వరమును పియానోనుండి వేరుచేసిరి. ఇది యంత్రము పుట్టించిన దొంగస్వరమని కొందరు కలవరపడగా, కల్పించినది ఏదియు లేదని పాల్ 2023లో స్పష్టపరచెను.

ప్రియులారా, ఈ భేదమును మరువకుడి. నేటి యంత్రములు చనిపోయినవాని గొంతుతో అతడు పలుకని మాటలను పలికింపగలవు. అయితే యంత్రము రాకమునుపే నరుడు ఈ పాపము నేర్చియున్నాడు. పొలము పంచుకొనునాడు ‘నాయనగారు నాతో ఇట్లు చెప్పిరి’ అని, ఆయన చెప్పనిదానిని ఆయన నోట పెట్టుచున్నవారు మన గ్రామములలో లేరా? పెద్దమనుష్యులయెదుట సమాధిలోనున్నవానిని సాక్షిగా నిలిపి, అన్నదమ్ముల నోటియన్నము లాగుకొనుట లేదా? చనిపోయినవాని మాట వినబడునట్లు ధూళి దులుపుట ఒకటి. మన మాటకు అతని గొంతు తొడుగుట మరియొకటి. మొదటిది ప్రేమ, రెండవది దొంగతనము.

మూడవది, వారు చేర్చినదానిని దాచలేదు. ‘ఫ్రీ యాజ్ ఎ బర్డ్’ నడిమి చరణమునకు జాన్ మాటలు పూర్తిగా లేవు. అక్కడ పాల్, జార్జి మిగిలిన మాటలు కూర్చి తమ గొంతులతోనే పాడిరి. విన్నవారికి ఎవరిది ఏదో తెలియును. ‘నౌ అండ్ దెన్’లో జార్జి 1995లో వాయించిన గిటారును భద్రముగా నిలిపి, అతనిని స్మరించుచు పాల్ అతని రీతిగా మరియొక గిటారు వాయించెను; రింగో డ్రమ్ములు వాయించెను; తంత్రీవాద్యములు కూడ చేరెను. అయితే ఒక సత్యము చెప్పవలెను. జాన్ పాడియుంచిన నమూనాలోని ఒక భాగమును వారు విడిచిపెట్టిరి. దానిని గూర్చి నొచ్చుకొనిన శ్రోతలు కలరు. మేము వారిని తప్పుపట్టుటలేదు. ఒకని పనిని మరియొకడు ముగించునప్పుడు ఎంత ప్రేమ ఉన్నను కొంత నష్టము తప్పదు. అందుచేతనే అట్టి పనికి వణకుచు పూనుకొనవలెను. ముగించిన తరువాత ఇది నా ఘనత అని అతిశయింపరాదు. ఆ పాట బ్రిటను దేశపు పట్టికలో మొదటి స్థానమునకు వచ్చెను. 1969 తరువాత, అనగా 54 ఏండ్లకు, ఆ బృందమునకు అట్టి స్థానము మరల దొరకెను. 2025లో గ్రామీ బహుమానము కూడ వచ్చెను. అయినను నమ్మకత్వమును తూచు త్రాసు బహుమానము కాదు.

కడపట ఒక మాట. టేపులోని స్వరము పాడును గాని బదులు చెప్పదు. 28 ఏండ్లు ఓపికపట్టి ఒక పాటను ముగించిరి గాని, విడిపోయిన ఆ పది ఏండ్లలో నలుగురును కూడి పాడవలసిన పాటలను ఏ యంత్రమును తిరిగి ఇయ్యలేదు. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని మన ప్రభువు బోధించినది బ్రదికియున్నవారికే. నీవు మాటలాడని నీ అన్న ఆ వీధిలోనే ఉన్నాడా? నీతో కలిసి ఆరంభించి, కోపమువలన విడిచిన పని ఏదైనను ఉన్నదా? చనిపోయినవాడు విడిచినదానిని నమ్మకముగా ముగించుము. బ్రదికియున్నవానితో కలిసి ముగింపదగినదానిని రేపటికి విడువకుము. ఈ ఆదివారము దేవాలయమునకు వచ్చు త్రోవలోనే అతని తలుపు తట్టుము. అట్టి ధైర్యమును ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.