మంట మీది, పొగ వీధిది

కాస్త ఆగండర్రా, రెండు నిమిషాలకే బస్సు వెళ్లిపోదు. నాలుగు మాటలు చెబుతాను, విని వెళ్లండి. మీరు మంచివాళ్లే. బజారుకి గుడ్డసంచీ పట్టుకెళ్తారు, కుండీలకి నీళ్లు పోస్తారు, పనమ్మాయికి స్వెట్టరు కూడా కొనిపెట్టారు. లేనిదల్లా నిదానం. ధనుర్మాసం వచ్చిందంటే మీ తొందర ఇంకా ఎక్కువవుతుంది. వెచ్చదనం క్షణంలో రావాలి, చెత్త క్షణంలో పోవాలి. రెండింటికీ మీకు తోచే ఉపాయం ఒక్కటే, ఏదో ఒకటి కాల్చెయ్యడం.

గీజరు సంగతే చూడండి. స్విచ్చి వేసి ఫోను పట్టుకుని కూర్చుంటారు. 2 వేల వాట్ల గీజరు నీళ్లు కాస్తున్నంతసేపూ గంటకి 2 యూనిట్ల లెక్కన లాగుతుంది. 15 లీటర్ల నీళ్లు కాగడానికి అరగంట కూడా పట్టదు. కాగాక అదే ఆగుతుంది, కాదనను. కానీ నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ అందుకుంటుంది. ఒకరు ఆరింటికి, ఒకరు ఎనిమిదింటికి, ఒకరు పదింటికి స్నానమంటే అది పొద్దున్నంతా అలా వేగుతూనే ఉంటుంది. ఇంట్లో వాళ్లంతా ఒకరి వెనక ఒకరు పోసుకుని స్విచ్చి తీసేస్తే ఏం పోతుంది? నిద్ర ఓ పావుగంట పోతుంది, అంతేగా.

ఇక ఎండ. డబ్బులివ్వక్కర్లేని వెచ్చదనం, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక, దక్షిణం కిటికీ ఉన్న ఇంట్లో ఎండ గది మధ్యదాకా వస్తుంది. మీరేమో టీవీ కనపడదని కర్టెను లాగేస్తారు, సాయంత్రానికి గది జివ్వుమంటోందని రూమ్ హీటరు కొంటారు! పదకొండింటికి కర్టెను తీసి, పరుపులూ దుప్పట్లూ మేడమీద వెయ్యండర్రా. ఆదివారం మీరూ అక్కడే కూర్చోండి. నాలుగు ఉడికించిన తేగలో, ఓ గిన్నెడు అనపకాయలో పెట్టుకుంటే పక్క ఫ్లాటువాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు. తేగ చీల్చి లోపలి చందమామ కోసం పిల్లలు కొట్టుకోవాలి గానీ, ఒక్కొక్కరూ ఒక్కో గదిలో తలుపేసుకుని ఒక్కో హీటరు పెట్టుకుంటే అది ఇల్లెలా అవుతుంది, లాడ్జీ అవుతుంది.

దుప్పట్లంటే గుర్తొచ్చింది. బీరువాలో మూలుగుతున్న పాత నేతచీరలు భోగిమంటలో వేస్తామన్నారట. వద్దు. నాలుగు చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, లావుపాటి సూదితో ఈ కొస నుంచి ఆ కొసకి వరసగా కుట్లు వేస్తే బొంత అవుతుంది. చీర ఎంత మెత్తబడితే బొంత అంత హాయి. మీకు కుట్టడం రాదని నాకు తెలుసులెండి. చీరలిస్తే కూలి తీసుకుని కుట్టిపెట్టేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకి పని దొరుకుతుంది, మీకు పదేళ్లపాటు చలి ఉండదు.

మధ్యలో ఒక్కమాట, ఇది మాత్రం నవ్వుతూ చెప్పేది కాదు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి పడగ్గదిలో పెట్టి తలుపులు బిగించుకోకండి, ఒక్క రాత్రికి కూడా. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బయట పెట్టుకోండి, చేతులు కాచుకోండి, ఆర్పేసి లోపలికి రండి.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. భోగి ఎంతో దూరం లేదు, జనవరి 13నో 14నో వచ్చేస్తుంది. మన వీధి కుర్రాళ్లు అప్పుడే టైర్లు పోగేస్తున్నారు. వాళ్లనీ ఏమనను, మంట ఎత్తుగా లేస్తే వాళ్లకి సంబరం. పాతవి మంటలో వెయ్యాలని పెద్దవాళ్లే చెప్పారు కదా అంటారు. చెప్పారు. ఆ రోజుల్లో ఇంట్లో పాతవంటే చిల్లులు పడ్డ చేట, విరిగిన తట్ట, పుచ్చిన దుంగ, ఎండు తాటాకు. కాలితే గుప్పెడు బూడిద మిగిలేది. ఇప్పుడు పాతవంటే ప్లాస్టిక్ కుర్చీ, వైరు ముక్కలు, రెగ్జిను సీటు, రంగు వేసిన ప్లైవుడ్. వైరు పైతొడుగు కాలితే గొంతు కోసే ఆమ్లపు ఆవిరి వస్తుంది, డయాక్సిన్లనే విషాలూ పుడతాయి. టైరు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లారేసరికి మసి మీరు కష్టపడి పెట్టిన ముగ్గు మీదే పడుతుంది. రబ్బరు కాలిపోయాక లోపలి ఇనప తీగలు చిక్కుపడి రోడ్డు మీద మిగులుతాయి, కనుమనాడు ఎవరి స్కూటరో పంక్చరవుతుంది.

పొగ పైకి పోతుందిలే అనుకోకండి. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, నేలను ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద వెచ్చటి గాలి పొర గిన్నెకి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. మనం మంట వేసేదీ సరిగ్గా అప్పుడే. ఎండెక్కేదాకా ఆ పొగ వీధిలోనే తిరుగుతుంది, కింది వాటాలో ఆయాసంతో దిండుకి ఆనుకుని కూర్చున్న పెద్దాయన దగ్గరికీ, పై వాటాలో నెలల పసిగుడ్డు దగ్గరికీ. వాళ్లు మీతో గొడవకి రారు. పండగపూట మాటెందుకులే అని కిటికీ వేసుకుని ఊరుకుంటారు. ఊరుకున్నారు కదా అని బాధ లేదనుకోకండి.

మంట వద్దనడం లేదర్రా, భోగికి మంట లేకపోతే ఎలా! ఇంటికొకటి కాకుండా వీధికొకటి వెయ్యండి, చిన్నది. ఎండు పుల్లలు, కొబ్బరిమట్టలు, పిడకలు చాలు. పిడకల పొగ మాత్రం పొగ కాదా అని మీ ఆవిడ అడిగింది, పొగే తల్లీ, అందుకే చిన్నదంటున్నాను. పిల్లల చేత పిడకల దండలు చేయించండి. పేడ ముద్దని అరచేతిలో ఒత్తి, నడుమ వేలితో చిల్లి పెట్టి, మేడమీద ఆరబెట్టాలి. మంచు కురిసే రోజుల్లో అవి ఓ పట్టాన ఎండవు, రోజూ తిరగేస్తుండాలి. భోగి ముందురోజు గుర్తొస్తే లాభం లేదు, ఇప్పుడే మొదలెట్టాలి. ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నారట, పేడ పార్సిల్లో వస్తుందని మా కాలంలో ఎవరైనా అంటే పిచ్చివాడనేవాళ్లం.

రాలిన ఆకులదీ ఇదే కథ. గేటు దగ్గర బాదం చెట్టు ఆకులు ఊడ్చి అక్కడే అగ్గిపుల్ల గీసేస్తున్నారు. ఆ మూల గొయ్యి తవ్వించండి. బాదం ఆకు మందం కనుక కాళ్లతో నలగదొక్కి, కాస్త పేడనీళ్లు చల్లి, తడి ఆరకుండా చూసుకుంటే వానాకాలానికి మట్టవుతుంది, కుండీలకి ఎరువు కొనక్కర్లేదు.

ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ మీటింగు ఉందిగా. టైర్ల మాట అక్కడ మీరే ఎత్తండి. నేనెత్తితే ముసలమ్మ చాదస్తం అంటారు, మీరు చెబితే వింటారు. టైర్లు దొర్లించుకొచ్చిన ఆ మూడో అంతస్తు కుర్రాణ్ని మాత్రం నలుగురిలో తిట్టకండి. పుల్లలు ఏరుకొచ్చే పనీ, పిల్లల చేత దండలు గుచ్చించే పనీ వాడికే అప్పగించండి.