చౌర్యమా, ఋణమా?

మా రెడ్డిగూడెము మెట్ట ప్రాంతము. ఇచ్చట మామిడితోటకు కాపుండువాడు గాని, కాయ కోయువాడు గాని పాట లేక పనిచేయుట నేనెఱుగను. ఆ పాట యొకప్పుడు రేడియోనుండి వచ్చెడిది, పిదప క్యాసెట్టునుండి, అటుపిమ్మట గోరంత మెమరీ కార్డునుండి. పదునైదేండ్ల క్రిందట సెల్‌ఫోనుల దుకాణమున పదియో యిరువదియో రూపాయలిచ్చినచో, దుకాణదారుడు తన కంప్యూటరునుండి రెండువందల పాటలను ఆ కార్డులోని కెక్కించి యిచ్చుచుండెను. ఈ పాటలు నీకెవ్వరిచ్చిరని వాని నడిగినవాడొకడును లేడు.

అట్టి దుకాణములలో నొకదానిని నడపినవాడు పూర్వము నాయొద్ద చదువుకొన్నవాడు. ఒకనాడు పాటల హక్కుదారుల మనుష్యులు పోలీసులను వెంటబెట్టుకొని వచ్చి వాని కంప్యూటరును తీసికొనిపోయిరి. మఱునాడు వాడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, నేనేం దొంగతనం చేశానండీ? ఎవరి పాట వాళ్ల దగ్గరే ఉందిగదా!" అని యడిగెను. నేనేమియు చెప్పలేకపోతిని. వాడెక్కించిన ఘంటసాలవారి పద్యములు అప్పటికి నా ఫోనులోనే యుండెను.

వాని ప్రశ్న త్రోసివేయదగినది కాదు. శిక్షాస్మృతి ననుసరించి చౌర్యమనగా ఒకరి స్వాధీనమునందున్న చరవస్తువును వారి సమ్మతి లేక దురుద్దేశముతో తీసికొనిపోవుట. నా కుండను నీవెత్తుకొనిపోయినచో నాకు నీళ్లుండవు. పాటకు ప్రతి తీసినచో మొదటి పాట చెక్కుచెదరదు. విద్య యిచ్చినకొలది పెరుగుధనమని మనము పిల్లలచేత వల్లె వేయించుచునే యున్నాము. త్యాగరాజస్వామి కృతులు శిష్యుల నోటనుండి శిష్యుల నోటికి ప్రాకి మనవఱకు వచ్చినవి. వానిని నేర్చినవాడు దొంగయని యెవ్వరనిరి? 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము సైతము ఈ కార్యమును చౌర్యమనలేదు, హక్కును ఉల్లంఘించుట యన్నది. ఈ పదభేదమును నేను తేలికగా తీసికొనజాలను.

పదము మెత్తనిదైనను శిక్ష మెత్తనిది కాదు. ఆ చట్టము 63వ సెక్షను ప్రకారము ఆరు నెలలనుండి మూడేండ్లవఱకు కారాగారము, ఏబది వేలనుండి రెండు లక్షలవఱకు జరిమానా. లాభాపేక్ష లేక చేసినవానికి తగిన కారణములు చూపి న్యాయమూర్తి తక్కువ శిక్ష వేయవచ్చును. ఈ నేరమునకు వారంటు లేకయే పోలీసులు నిర్బంధింపవచ్చునని 2022 మే నెలలో సుప్రీముకోర్టు నిర్ణయించినది. స్వంత వినియోగమునకు చట్టము కొంత చోటిచ్చినది. పెండ్లి యూరేగింపులో పాట వేయుట తప్పు కాదనియు నదియే చెప్పినది! ఆ చోటు పదిమందికి పంచువానికి వర్తింపదు.

ఇక కనిపెట్టు విధము వినుడు. టోరెంటు అను పద్ధతిలో నొక పాట ముక్కలుముక్కలుగా వచ్చును. తీసికొనువాడు తెలిసియో తెలియకయో ఇతరులకు నిచ్చుచుండును. ఆ గుంపులోని ప్రతివాని సంఖ్యయు తక్కినవారికి కనబడును. హక్కుదారుని మనిషి తానునొక పుచ్చుకొనువానివలె లోన జేరి ఆ సంఖ్యలను, వేళలను వ్రాసికొనును. ఆ సంఖ్య యే యింటిదో అంతర్జాల సంస్థవద్ద తెలియును. అది యింటిని చూపునే గాని చేతిని చూపదు. తండ్రి పేరిటి కనెక్షనుపై కుమారుడు చేసిన పనికి తాఖీదు తండ్రికి వచ్చును. అమెరికాలో 2003నుండి ఇట్లే వేలమందిపై వ్యాజ్యములు పడినవి. మిన్నెసోటా రాష్ట్రమున నొక స్త్రీకి 24 పాటల నిమిత్తము 2,22,000 డాలర్ల దండుగ నిలిచినది. అపరాధమునకును దండమునకును నిష్పత్తి యుండవలెనను న్యాయము ఇచ్చట నా కగపడలేదు.

మనవైపునను ఇట్టి ముచ్చట గలదు. 2012లో "3" అను తమిళ చిత్రమునకును, మన "దమ్ము" చిత్రమునకును మద్రాసు హైకోర్టునుండి, పేరు తెలియని ప్రతివాదులపై ఆజ్ఞలు తెచ్చిరి. అట్టి ప్రతివాదికి మనవారు "అశోక్ కుమార్" అని నామకరణము చేసినారు. పాపము, ఆ పేరుగలవా రెందఱో! ఆ యాజ్ఞలు చూపి అంతర్జాల సంస్థలు కొన్ని సైటులకు సైటులనే మూసివేసినవి. నిర్దోషుల పనులును నిలిచినవి. తప్పున్న పుటను మాత్రమే మూయవలెనని జూను నెలలో కోర్టు స్పష్టపఱుపవలసి వచ్చెను.

అయినచో నా శిష్యుడు నిర్దోషియా? కాడు. "పాతాళభైరవి" పాటలను తీసికొందము. చిత్రము 1951 నాటిది. శబ్దముద్రణపై హక్కు అఱువదేండ్లు. అది 2011తో తీఱినది. పాట వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో గతించిరి గనుక సాహిత్యముపై హక్కు 2031 చివరవఱకు నుండును. వరుస కట్టిన ఘంటసాలవారు 1974లో గతించిరి, అది 2034వఱకు. ఒక్క పాటలో నిన్ని పాళ్లు! అయితే 1977లో సుప్రీముకోర్టు చెప్పిన తీర్పువలన చిత్రమునకై వ్రాసిన పాటపై హక్కు సాధారణముగా నిర్మాతదే యయ్యెను. ఒకసారి ముట్టిన పారితోషికముతో కవికిని పాటకును ఋణము తీఱిపోయెడిది. 2012 సవరణతోగాని రచయితకు, స్వరకర్తకు విడదీయరాని వాటా చట్టమున చేరలేదు. దుకాణపు పిల్లవానిని దొంగ యన్నవారు ఈ కథను గూడ చెప్పవలెను.

2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా, అనుమతి లేక తన పాటలు పాడరాదని ఇళయరాజాగారి న్యాయవాది తాఖీదు పంపెను. బాలుగారు ఆ పాటలు మాని తక్కినవి పాడెదనని ప్రకటించిరి. పలువురు ఇళయరాజాగారిని నిందించిరి, నేనును నిందించితిని. నేడాలోచింపగా, టిక్కెట్లమ్మిన సభలో స్వరకర్త తన పాలడుగుట అన్యాయమని తోచుట లేదు. మిత్రుని నోటితో నడుగవలసినది వకీలుచేత నడిగించుటయే మనసును నొప్పించినది.

కావున నేను దీనిని ఋణమనుచున్నాను. అనుభవించినవాడు ఋణి. అప్పు రాబట్టువాడు తలుపు తట్టవచ్చును, గోడ దూకరాదు. పదింటికి పదివేలు వ్రాయరాదు. అప్పుపడినవాడును "నీ సొమ్ము నీయొద్దనే యున్నది" అనరాదు.

మొన్న నొక పెండ్లిలో ఆ శిష్యుడు కనబడగా ఈ మాటలే చెప్పితిని. వాడిపుడు ఫోనులు బాగుచేయుచున్నాడు. కార్డు లెవ్వరును నింపించుకొనుట లేదు. నీ యిరువది రూపాయలలో పింగళివారికి కానియైనను పోలేదు, నా ఫోనులోని పద్యములకు నేనును కానియైన నియ్యలేదు, అంటిని. వాడు కొంతసేపు యోచించి, "సరేనండీ, ఇప్పుడు కడతాను. ఎవరికి కట్టమంటారో చెప్పండి" అనెను. ముంబయిలో 1969 నాటి స్వరకర్తల, రచయితల సంఘమున్నదని నాకు తెలియును. అది సభలవారివద్ద, కంపెనీలవద్ద వసూలు చేయును. రెడ్డిగూడెమునుండి యిరువది రూపాయలు పంపువానికి చెప్పదగిన చిరునామా నాయొద్ద లేకపోయెను.